మూడు మెట్లెక్కే నీళ్ళు

వన్ టౌన్‌లో రోడ్డు వేసేవాళ్ళకి పాత రోడ్డు తవ్వే అలవాటు లేదు. ఉన్నదాని మీదే కొత్తది పరిచేసి చక్కా పోతారు. అలా రోడ్డు పెరిగీ పెరిగీ, శుభాకర్ వాళ్ళ తాత రోజుల్లో మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు మూడు మెట్లు దిగి వెళ్ళాలి. వీధి కాలువ కూడా రోడ్డుతోపాటే పైకి పోయింది. ఇంటి వాడుక నీళ్ళు మాత్రం కిందే మిగిలాయి.

అయినా ఆ ఇంటికి ఇబ్బందేమీ లేదు. పెరటి గదిలో అద్దెకుండే చిట్టమ్మ తెల్లారి హార్బర్‌కి బయల్దేరుతూ, చేపల గంప నెత్తిన పెట్టుకుని తూము దగ్గర ఆగి, "రాయే, పొద్దెక్కిపోతంది" అనేది. పెరట్లో చేరిన నీళ్ళన్నీ ఆవిడ వెనకాలే సందులోంచి వచ్చి, మూడు మెట్లూ ఎక్కి, వీధి కాలువలో దిగిపోయేవి. సాయంత్రం గంప కడిగాక ఇంకోసారి. వానాకాలంలో కాస్త గట్టిగా తిట్టాల్సి వచ్చేది, అంతే. దారిన పోయే ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళకి దారి ఇచ్చేవారు.

పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన శుభాకర్‌కి ఆ ఇంటిని నాలుగు ఫ్లాట్లు చేయాలని బుద్ధి పుట్టింది. పెరటి గది పడగొట్టి బళ్ళు పెట్టుకునే చోటు చేద్దామనుకున్నాడు. ఆ మాట చిట్టమ్మతో చెప్పమని భార్య ప్రేమలీలని పురమాయిస్తే, "మీకు నోరు లేదా?" అందావిడ. తప్పక తనే చెప్పాడు.

చిట్టమ్మ గంప వంక చూసి, "ఇల్లు మీది బాబూ, నానేటంటాను" అంది.

ఆవిడ కూతురు ఆటోనగర్ దగ్గర ఒక్క గదిలో కాపురం. అత్తగారు, పిల్లలు అక్కడే. చిట్టమ్మ నడుం వాల్చాలంటే ఎవరో ఒకరు లేచి కూర్చోవాలి. అంత దూరం నుంచి హార్బర్‌కి రావడమూ కుదరదు, చేపల బేరం పోయినట్టే. ఇదంతా శుభాకర్‌కి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు.

ప్లాన్లు గీసే సాయిశంకర్ వచ్చి ఇల్లంతా కొలిచాడు.

"వాడుక నీళ్ళు ఎలా పోతాయో దరఖాస్తులో వివరంగా రాయాలి సార్. ఏటి రాయమంటారు?"

"మెట్లెక్కి పోతాయని రాయి బాబూ."

సాయిశంకర్ ప్లాన్‌లో బాణం గుర్తు పైకి గీశాడు. "నాలుగు ఫ్లాట్ల నీళ్ళు ఎక్కగలవా మరి?"

"అలవాటైన మెట్లే కదా" అన్నాడు శుభాకర్.

చిట్టమ్మ సామాను ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆటో కదిలాక, ఎవరూ పిలవకుండానే నీళ్ళు మెట్లెక్కి వీధి మలుపు దాకా వెళ్ళాయి. అక్కడ కాసేపు నిలబడి తిరిగొచ్చాయి. ఆ తర్వాత ఎక్కడం మానేశాయి.

పెరట్లో చీలమండ లోతు నీళ్ళు నిలిచాయి. శుభాకర్ లుంగీ ఎగగట్టి, చర్చిలో వాక్యం చదివే గొంతుతో రమ్మని పిలిచాడు. ప్రేమలీల బతిమాలింది. మోటారు తెప్పిస్తే, నీళ్ళు పైపుకి అందకుండా గోడవారగా ఒదిగిపోయాయి.

"ఓడల్లో సరుకంతా ఎత్తారు, మూడు మెట్లు నీళ్ళెక్కించలేరా?" అంది ప్రేమలీల.

దరఖాస్తు అందిన మున్సిపల్ ఆఫీసు నుంచి ఇంజినీరు సత్యశ్రీ తనిఖీకి వచ్చి, తడవకుండా పై మెట్టు మీదే నిలబడింది.

"నీళ్ళు ఎక్కుతాయని రాశారు, బాగానే ఉంది. ఎక్కించే మనిషేరీ?"

"చిట్టమ్మ అని... ఇక్కడే ఉండేది."

"ఉండేది అంటే కుదరదండీ. ఫ్లాట్లున్నన్నాళ్ళూ ఉండాలి కదా. ఆవిడ గది ప్లాన్‌లో ఏదీ?"

సాయిశంకర్ బళ్ళు పెట్టే చోటు మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేశాడు. శుభాకర్‌కి తల కొట్టేసినట్టయింది. మురుగు నీళ్ళకున్నపాటి విశ్వాసం తనకి లేకపోయిందని సిగ్గుపడ్డాడు.

ఆ మధ్యాహ్నమే ఆటోనగర్ వెళ్ళాడు. లోపల చోటు లేక చిట్టమ్మ గుమ్మం బయట కూర్చుని ఉంది. గంప గోడకి బోర్లించి ఉంది.

"ఇంటికి రా చిట్టమ్మా."

"నీళ్ళ కోసం వచ్చావా బాబూ, నా కోసమా?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నీళ్ళ కోసమే బయల్దేరాను. దారంతా నువ్వే గుర్తొచ్చావు. బళ్ళ చోటు తీసేయించి, అక్కడే నీ గది గీయించి, నీ పేరు రాయిస్తాను."

"పేరెందుకు గానీ, తూము వేపు కిటికీ ఎట్టించు. మోకాళ్ళు పట్టేత్తన్నాయి. రేపు నడవలేకపోతే మంచం మీంచే పిలుత్తాను" అంది చిట్టమ్మ, గంప తీసుకుని లేస్తూ.

ప్లాన్‌లో గదీ పడింది, పేరూ పడింది, కిటికీ కూడా పడింది. ఫ్లాట్లు లేచాయి. బళ్ళు రోడ్డు మీద పెట్టుకోవాల్సి వచ్చిందని అద్దెకొచ్చినవాళ్ళు సణుగుతారు గానీ, నీళ్ళు వచ్చే వేళకి వాళ్ళే బళ్ళు పక్కకి జరుపుతారు.

మొన్న చిట్టమ్మకి జ్వరం తగిలి, పొద్దున పిలవలేదు. నాలుగు ఫ్లాట్ల నీళ్ళూ మెట్ల వైపు పోకుండా, గోడ పట్టుకుని కిటికీ దాకా ఎక్కి, లోపలికి చూసి దిగాయి. ఆ గోడ మీద తడి చూసి, ప్రేమలీల గంజి కాచుకుని వెళ్ళింది.