చూసొచ్చిన మాట

"ఇడ్లీ వద్దు వనజా, పెసరట్టు వెయ్యి. సుందరరావు గారు పోయినసారి నుంచి నీ పెసరట్టు గురించే చెప్తున్నరు" అన్నాడు కమలాకర్, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఇడ్లీ అని నేను ఊరికే అనలేదు. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడితే దాని పని అది చూసుకుంటుంది. తీసి బల్ల మీద పెట్టేస్తే కావలసినవాళ్ళు వడ్డించుకుంటారు, మనమూ ఒక కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చోవచ్చు. పెసరట్టు అలా కాదు. ఒక్కొక్కటే వేడివేడిగా పళ్ళెంలో పడాలి. తినేవాళ్ళు చేతులు కడుక్కునేదాకా వేసే మనిషి పెనం ముందు నుంచి కదలకూడదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను వేడి పెసరట్టు తిన్న గుర్తు లేదు. గిన్నె అడుగున మిగిలిన పిండి గీకి వేసుకుని, నిలబడే తినేస్తాను. ఈ ఆదివారం మాత్రం నేను కూర్చోవాలి. ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో జరగబోయేది పేరంటం కాదు, మా బ్యాంకు వాళ్ళ మీటింగ్. మా అంటే నాది. నేను ఉద్యోగం చేసే బ్యాంకు.

తార్నాకలో మాది చిన్న సహకార బ్యాంకు. ఒకప్పుడు రైల్వే కార్మికులు, కిరాణా కొట్లవాళ్ళు కలిసి పెట్టుకున్నది. దానికో సేవా ఫౌండేషన్ ఉంది. ఏటా లాభంలో కొంత తీసి చుట్టుపక్కల బస్తీల్లో పనిచేసే చిన్న సంస్థలకు గ్రాంటుగా ఇస్తుంది. అడిగిన ప్రతి సంస్థనూ వెళ్ళి చూసి రావడం నా పని. రామంతాపూర్, ముషీరాబాద్, సీతాఫల్‌మండి, ఎండలో ఆటోలు మారుతూ తిరుగుతాను. ఎక్కడ బోర్డు మాత్రమే ఉంది, ఎక్కడ నిజంగా పని ఉంది అన్నది గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసిపోతుంది నాకు. నేను చూసింది చెప్తే, ఎవరికివ్వాలో కమిటీ తేలుస్తుంది. కమిటీకి పెద్ద మా చైర్మన్ సుందరరావు గారు. యూనివర్సిటీ నుంచి కూడా ఒక చదువుకున్న మనిషి ఉంటే బాగుంటుందని ఆమధ్య ఒక ప్రొఫెసర్‌ని చేర్చుకున్నారు. ఆ ప్రొఫెసరే మా ఆయన.

అప్పట్నుంచి మీటింగులు బ్యాంకులో కాక క్యాంపస్‌లోని మా క్వార్టర్‌లో జరుగుతున్నాయి. బ్యాంకులో ఏమున్నది, ఆ ఫ్యాను చప్పుడు తప్ప, మనింట్ల అయితే చెట్ల గాలి, నాలుగు ముచ్చట్లు అన్నాడాయన. చెట్ల గాలి వాళ్ళకు, పెనం సెగ నాకు. బ్యాంకులో అయితే టీ బయట నుంచి వచ్చేది. నేను కుర్చీలో కూర్చుని మాట్లాడేదాన్ని, సుందరరావు గారు కళ్ళజోడు తీసి మరీ వినేవారు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా అత్తమ్మ లింగమ్మ, "చెప్పులతోని పాటు బ్యాంకును గూడ గడప బయటనే ఇడిశి రావాలె బిడ్డా" అనేది. ఇన్నేళ్ళూ విడిచే వచ్చాను. తీరా బ్యాంకే నడుచుకుంటూ ఇంట్లోకొస్తే దాన్ని పలకరించే తీరిక నాకు లేదు.

ఈసారి నా మనసంతా ఉప్పలమ్మ సెంటర్ మీద ఉంది. సీతాఫల్‌మండి స్టేషన్ వెనక ఒకటే గది అది. మా వంటింటి కిటికీలోంచి కనిపించే హాస్టళ్ళలో బాత్రూములు కడిగే ఆడవాళ్ళు, మెస్సుల్లో అంట్లు తోమే ఆడవాళ్ళు తెల్లారకముందే పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలి పనికి పోతారు. ఉప్పలమ్మ కూడా ఒకప్పుడు ఆ పని చేసిందే. తన చంటిదాన్ని కొళాయి గొట్టానికి చీరముక్కతో కట్టేసి మెట్లు కడిగేదాన్నని నాతో చెప్పింది. మోకాళ్ళు పోయాక ఆ గది తీసుకుని అందరి పిల్లల్నీ చూడ్డం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటాయన అడ్వాన్సు పెంచాడు. కట్టకపోతే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. గ్రాంటు వస్తే గది ఉంటుంది, రాకపోతే ఆ పిల్లలు మళ్ళీ కొళాయిల దగ్గరికే.

ఆదివారం కమిటీ వాళ్ళు రానే వచ్చారు. మొదటి వాయి వేసి, స్టవ్ సిమ్‌లో పెట్టి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళాను. "సర్, సీతాఫల్‌మండి సెంటర్ గురించి..." అని మొదలుపెట్టానో లేదో, "వనజా, ఏదో మాడుతున్నట్టున్నది" అన్నాడు కమలాకర్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకిప్పటికీ ఒళ్ళు మండే సంగతి. లోపలికొచ్చి చూస్తే ఏమీ మాడలేదు. ఇంతలో ఇంకో రెండు కావాలన్నారు, అల్లం పచ్చడి కావాలన్నారు, ఎవరికో ఉల్లిపాయ లేకుండా కావాలి. పొగ గొట్టం ఫ్యాను చప్పుడులో గిరీష్ అన్న పేరు వినపడింది. గిరీష్ మా ఆయన స్నేహితుడు. మహిళా నాయకత్వ శిక్షణ అని ఒక ట్రస్టు పెట్టాడు. ఆయన దరఖాస్తు ఆఖరి రోజున వచ్చింది. నేను ఇంకా అక్కడికి వెళ్ళనే లేదు.

కాఫీలు పట్టుకుని వచ్చేసరికి మాటలు చెక్కులిచ్చే ఫంక్షన్ మీదికి, శాలువాల మీదికి వెళ్ళిపోయాయి. సుందరరావు గారు కప్పు అందుకుంటూ, "మంచి సలహా ఇచ్చారమ్మా. పిల్లల సెంటర్‌కి ఈ ఏడాది వద్దని మీరే అన్నారట కదా. కమలాకర్ గారు చెప్పకపోతే నేను దానికే ఇచ్చేసేవాణ్ణి" అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కాఫీలో చక్కెర కలుపుకుంటున్నాడు. నా చేతిలో ట్రే ఉంది, ట్రేలో ఇంకా రెండు కప్పులున్నాయి. ఇంటికొచ్చిన వాళ్ళ ముందు మొగుణ్ణి అబద్ధాలకోరు అనడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు. కోపం కంటే ముందు నాకు సిగ్గేసింది. తప్పు చేసింది ఆయన, చెవులు వేడెక్కింది నాకు. మిగిలిన రెండు కప్పులూ ఇవ్వాల్సిన వాళ్ళకిచ్చి లోపలికి వచ్చేశాను.

వాళ్ళు వెళ్ళాక అడిగాను.

"నేనెప్పుడన్న ఆ మాట?"

"అన్నవు గదా, మొన్న అన్నం తింటప్పుడు. ఆ గదిల గాలి లేదు, వెలుతురు లేదు, పిల్లలను చూస్తే పాపమనిపించింది అని."

"అందుకే పైసలియ్యాలె అన్న. ఇయ్యొద్దని కాదు."

కమిటీలో అంత వివరంగా ఎవరు వింటారు అన్నాడు. గ్రాంటు గిరీష్ ట్రస్టుకు ఖాయమైందన్నాడు. గిరీష్ తన కోసం చాలా చేశాడన్నాడు, రేపు పెద్ద పదవికి తన పేరు చెప్పేది కూడా అతనే అన్నాడు. ఉప్పలమ్మకు వచ్చే ఏడాది చూద్దామన్నాడు. వచ్చే ఏడాదికి ఆ పిల్లలు ఎక్కడుంటారో ఆయనకు పట్టలేదు. తర్వాత, కూరగాయలు ఏం తేవాలో చెప్పినంత మామూలుగా ఇంకో రెండు పనులు చెప్పాడు. శనివారం ఫంక్షన్‌లో స్వాగత గీతం ఉప్పలమ్మ పిల్లలతో పాడిద్దామని చైర్మన్ గారు ముచ్చటపడ్డారట. గ్రాంటు లేదన్న సంగతి ఇప్పుడే చెప్పొద్దట, చెప్తే రారట. రెండోది, గిరీష్ ట్రస్టుకు మాట నేనే చెప్పాలట.

ఆ మాట సంగతి చెప్పాలి. బ్యాంకు పెట్టిన పాతవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏ సంస్థకు చెక్కు ఇచ్చినా, దాన్ని స్వయంగా చూసొచ్చిన మనిషి ముందుగా లేచి నిలబడి, "నేను వెళ్ళి చూసొచ్చాను, అక్కడ పని జరుగుతోంది" అని నలుగురి ముందూ చెప్పాలి. ఆ మాట పడ్డాకే చెక్కు చేతులు మారుతుంది. చైర్మన్‌కైనా ఆ మాట చెప్పే అర్హత లేదు, చూసొచ్చిన వాళ్ళకే ఉంది. ఏడాది మొత్తమ్మీద మైకు ముందు నాదైన మాట అదొక్కటే.

"నేను వాళ్ళ ట్రస్టు చూడనే లేదు" అన్నాను.

"గిరీష్‌ను చూడలేదా? మనింట్ల ఎన్నిసార్లు తిన్నడు" అన్నాడు.

ఉప్పలమ్మకు ఫోన్ చెయ్యాలని తీశాను, పెట్టేశాను. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు పొద్దున్నే ఆఫీసుకని బయల్దేరి సీతాఫల్‌మండి వెళ్ళాను. సందు మొదట్లోనే పాట వినిపించింది. బ్యాంకు నుంచి ఎవరో నాకంటే ముందే ఫోన్ చేశారు. గదిలో పిల్లలు వరసగా నిలబడి పాడుతున్నారు, ఒకమ్మాయి జడలకు కొత్త రిబ్బన్లున్నాయి. ఉప్పలమ్మ నన్ను చూసి మొహమంతా నవ్వింది. ఇంటాయనకు చెప్పేసిందట, గది ఖాళీ చెయ్యము అని. తల్లులందరికీ చెప్పిందట. "పాట పాడనీకె పిలిచిన్రంటే ఇచ్చినట్టే గద మేడం" అంది.

ఇవ్వలేదని చెప్పాను. ఎవరికిచ్చారో కూడా చెప్పాను.

"మీరు వచ్చి సూశి పోయిన్రు గద. మీరు చెప్పలేదా?"

"మీటింగ్ మా ఇంట్లనే అయింది. నేను వంటింట్ల ఉన్న."

"ఎవలకు వండుతున్నరు?"

"వాళ్ళకే."

ఉప్పలమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. పిల్లల వైపు తిరిగి పాట చాలు, కూసోండి అంది. ఎప్పుడు వెళ్ళినా ముందు చెంబుతో నీళ్ళిచ్చే మనిషి, ఆ రోజు ఇవ్వలేదు. తనకు వేరే గది వెతుక్కునే పనుందని, నన్ను పొమ్మని చెప్పి, చిన్నవాళ్ళను ఒక పెద్దపిల్లకు అప్పజెప్పి చెప్పులేసుకుంది. ఆ మోకాళ్ళతో సందు చివరిదాకా ఎలా నడిచిందో నేను వెనక నిలబడి చూశాను.

అక్కణ్ణించి క్యాంపస్ లోపలి దారిన నడిచి వచ్చాను. హాస్టల్ వెనక ఒకామె బకెట్ పట్టుకుని మెట్లు దిగుతోంది. ఈ నెల దాటాక ఆమె పిల్ల ఎక్కడుంటుందో నాకు తెలుసు. అది తెలిసిన మనిషిని ఆ మీటింగ్ జరిగిన ఇంట్లో నేనొక్కదాన్నే, నన్నే పెనం ముందు నిలబెట్టారు. నిలబెట్టారు అంటున్నాను గానీ, నిలబడింది నేనే. మాడుతోందంటే పరిగెత్తాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. ఇంటికొచ్చి, ఉప్పలమ్మకు చెప్పేశానని, పిల్లలు రారని కమలాకర్‌తో అన్నాను. నీకెందుకే ఇంత తొందర అని విసుక్కుని, పాట సెల్‌ఫోన్లో పెట్టించుకోవచ్చులే అన్నాడు. శనివారానికి పట్టుచీర కట్టుకో, ఫోటోలు తీస్తారు అని కూడా అన్నాడు.

పట్టుచీరే కట్టుకున్నాను. క్యాంపస్‌లోని హాలు నిండింది. ముందు వరసలో మా ఆయన, పక్కన గిరీష్. వేదిక మీద సుందరరావు గారు మనిషంత అట్ట చెక్కులు ఒక్కొక్కటే అందిస్తున్నారు. చూసొచ్చిన సంస్థల పేర్లు పిలిచినప్పుడల్లా నేను అక్కడే ఓ పక్క కుర్చీలోంచి లేచి ఆ మాట చెప్పాను. వృద్ధుల భోజనశాలకు చెప్పాను, ముషీరాబాద్ కుట్టు కేంద్రానికి చెప్పాను. ఆఖర్న గిరీష్ ట్రస్టు పేరు పిలిచారు. గిరీష్ చొక్కా సర్దుకుంటూ మెట్లెక్కాడు. నేను మైకు రెండు చేతులతో పట్టుకున్నాను.

"ఈ సంస్థను నేను చూడలేదు. అందుకని ఆ మాట చెప్పలేను" అన్నాను. "నేను చూసొచ్చింది సీతాఫల్‌మండిలో ఉప్పలమ్మ గారి పిల్లల సెంటర్. అక్కడ పని జరుగుతోంది. దానికి గ్రాంటు వద్దని నేను అన్నట్టు కమిటీకి చెప్పారు. నేను అనలేదు. ఆ మాట చెప్తున్నప్పుడు నేను పక్క గదిలో పెసరట్లు వేస్తున్నాను."

వెనక వరసల్లో కొందరు నవ్వారు, జోకనుకున్నారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. సుందరరావు గారు అట్ట చెక్కు పట్టుకుని, దాన్ని ముందుకు ఇవ్వాలో కింద పెట్టాలో తెలియక నిలబడ్డారు. ఇప్పటికిప్పుడు ఉప్పలమ్మ గది దక్కదని నాకు తెలుసు. ఈ హాల్లో ఎవరూ లేచి ఆమె పేరు చెప్పరనీ తెలుసు. నా ఉద్యోగం సంగతి ఏమవుతుందో తెలియదు. కానీ చెక్కు ఇంకా చేతులు మారలేదు.

కమలాకర్ మెట్లెక్కి నా దగ్గరికొచ్చాడు. జనం చూస్తున్నారని మొహాన నవ్వు అలాగే ఉంచుకున్నాడు. మైకు కోసం చెయ్యి చాపి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"పా, ఇంటికి పోదాం. ఏమున్నా ఇంట్ల మాట్లాడుకుందాం."

నేను మైకు ఇవ్వలేదు.

"ఇంట్ల నాకు పనుంటది. ఇక్కడనే మాట్లాడుకుందాం" అన్నాను, అందరికీ వినపడేలా.