ఖాళీ వలయం

నేను ఒక ప్రోటీన్‌ని. సూక్ష్మదర్శినిలో కూడా కనిపించనంత చిన్నదాన్ని. 1998 ఆగస్టు 14, శుక్రవారం మధ్యాహ్నం, పరిశోధక విద్యార్థిని హైమవతి గోంగూర పచ్చడితో పెరుగన్నం తిని, గిన్నెలో మిగిలిన చెంచాడు పెరుగును ప్రయోగశాలకు పట్టుకెళ్లింది. అందులోని ఒక బాక్టీరియా నా తల్లి.

తల్లి నన్ను కన్నది ముద్దు చేయడానికి కాదు, పోరు పడలేక. పెరుగులో చోటు తక్కువ, చుట్టాలు ఎక్కువ. ఆ దగ్గరి చుట్టాల ఒంటిపొరకు చిల్లి పెట్టడమే నా పని. పరాయివాళ్ల జోలికి పెద్దగా పోను. మనుషులకు ఇది వింతగా తోచదనుకుంటాను.

హైమవతి నా తల్లిని విడిగా పెంచి, నేనున్న నీటిని ఒక చుక్క తీసి, ఆ చుట్టాలు పెరిగే గాజు పళ్లెంలో వేసింది. మర్నాటికి చుక్క చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం. పళ్లెం పట్టుకుని గైడు షరీఫ్‌గారి దగ్గరకు పరుగెత్తింది.

"ఆమ్లం తీసేశావా?" అన్నారాయన.

"అయ్యో... మర్చిపోయా సార్."

"పులుపుకైనా చస్తాయిగా అవి! పెరుగు పుల్లగా ఉంటదని కనిపెట్టటానికి పీహెచ్‌డీ దేనికమ్మా? మూడేళ్లయింది. ఇదీ తేలకపోతే టాపిక్ మార్చేద్దాం."

ఆ మూడేళ్ల బరువు నా మీద పడింది. ఆమె సోడా కలిపి పులుపు విరిచింది. వలయం చెక్కుచెదరలేదు.

"సరే, ప్రోటీనే అని రుజువేది?" అన్నారు షరీఫ్‌గారు.

దానికి ఒకటే దారి. ప్రోటీన్లను తుంచేసే ఎంజైమును నాలో కలపాలి. వలయం మాయమైతే నేను ప్రోటీన్‌ని. నేనున్నానని నమ్మడానికి వీళ్లు నన్ను చంపి చూడాలన్నమాట!

సగం నన్ను సీసాలోనే ఉంచి, మిగతా సగంలో హైమవతి ఎంజైము పోసింది. ఆ సగం ఎక్కువసేపు పోరాడలేదు. అంతవరకు నయం.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ పళ్లెం మీదకు వంగారు. ఎంజైము కలపని చుక్క చుట్టూ వలయం అలాగే ఉంది. కలిపిన చోట వలయం లేదు, బాక్టీరియా ఒత్తుగా మొలిచింది.

"ఏం లేదు సార్! ఇక్కడ ఏమీ లేదు!" అని అరిచింది హైమవతి. ఏమీ లేనందుకు ఇంత సంబరపడిన మనిషిని నేనెరగను.

షరీఫ్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంటికెళ్లి కడుపునిండా తిని పడుకో తల్లీ. రేపట్నుంచి రాయటం మొదలుపెట్టు."

ఆమె వెళ్లాక, మిగిలిన నా సీసాకు ఆయన చీటీ అంటించి, దాని మీద హైమవతి పేరు రాశారు. తన పేరు రాయలేదు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశారు.