పది రోజుల్లో వెనక్కి

ప్రసన్నలక్ష్మి తిక్కరేగి చేసిన పని అది. ఆ లాప్‌టాప్ నెలల తరబడి, తెరిచినప్పుడల్లా, కొత్త వర్షన్ వచ్చింది వేసుకుంటావా అని అడుగుతూనే ఉంది. బస్సులో పల్లీలమ్మేవాడైనా రెండుసార్లు వద్దంటే పక్క సీటుకి పోతాడు. ఇది పోదు. చివరికి ఒకరోజు "వేసుకో, చావు" అని నొక్కిపారేసింది. అది తొమ్మిది రోజుల కిందటి మాట.

దాని ఫలితం ఇవాళ కారంపూడి పక్కన, బండలాగుడు పోటీల మైదానంలో, నడినెత్తిన ఎండ పెట్టుకుని తెలిసొచ్చింది. కెమెరా నిలబెట్టింది, వైర్లు బిగించింది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కెమెరా చూసింది లాప్‌టాప్‌కి అందించడానికి మధ్యలో చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. పెట్టె పాతది. కొత్త వర్షన్ దాని మొహం కూడా చూడనంది.

గిత్తల పోటీలు ఎక్కడ జరిగినా లైవ్ ఇవ్వడం ప్రసన్నలక్ష్మి పని. వేరే రోజైతే కమిటీ వాళ్ళకి సారీ చెప్పి మూటాముల్లె సర్దుకునేది. ఇవాళ అది కుదరదు. భోజనాల తర్వాత దిగే మొదటి జత వాళ్ళదే. సింగన్న, చిట్టిబాబు. వాటిని దూడలప్పటి నుంచి పెంచిన నాన్న బ్రహ్మం, గడ్డివామి మీద నుంచి జారి తుంటి విరగ్గొట్టుకుని నరసరావుపేట ఆస్పత్రిలో పడి ఉన్నాడు.

ఇక సాకడం తన వల్ల కాదని, కృష్ణానది అవతల మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన దేవానందానికి జతని ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు. బయానా కూడా పుచ్చుకున్నాడు. నేను చూసుకుంటా నాన్నా అని ప్రసన్నలక్ష్మి అంటే, "చిట్టిబాబు ముందు నిలబడాలంటే మగోళ్ళకే కాళ్ళొణుకుతయ్. నువ్వేం నిలబడతావే" అని ఒక్క మాటతో కొట్టేశాడు. పోటీ అవగానే ఎక్కించుకుపోవడానికి దేవానందం వ్యాను షామియానా పక్కన సిద్ధంగా ఉంది. బ్రహ్మం కూతుర్ని కోరింది ఒక్కటే. "ఆఖరిసారి లాగేది కళ్ళారా చూపియ్యమ్మా."

ఫోనులో చూపిద్దామంటే వేలమంది జనంలో సిగ్నల్ ఎప్పుడో చచ్చిపోయింది. కమిటీ వాళ్ళు లాగించిన నెట్ వైరు ఒక్కటే దిక్కు, అది లాప్‌టాప్‌కే ఎక్కుతుంది. లాప్‌టాప్‌కున్న బొట్టంత కెమెరాలో చూస్తే దుమ్ము తప్ప గిత్తలు కనపడవు.

ప్రసన్నలక్ష్మి సెట్టింగుల్లోకి పోయింది. లోపలికి, ఇంకా లోపలికి. ఎక్కడో అడుగున దొరికింది: పాత వర్షన్‌కి వెనక్కి వెళ్ళు. కొత్తది వేసుకున్న పది రోజుల లోపలే అని కింద రాసుంది. తొమ్మిది! ఆమె గుండె ఎగిరి గంతేసింది.

నొక్కింది. ఎందుకు వెళ్తున్నారు అని అడిగింది లాప్‌టాప్. నీ మొహం బాలేక. పోనీ ఇంకో అప్‌డేట్ వేసి చూస్తారా? వద్దు. పాస్‌వర్డ్ గుర్తుందా? ఉంది తల్లీ. ఖాయమేనా? పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. అన్నీ అయ్యాక తెర ఆరిపోయి, మళ్ళీ వెలిగి, పాతది తెస్తున్నాం, మధ్యలో ఆపొద్దు అని చెప్పింది. కింద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే కమిటీ వాళ్ళు భోజనాలకి లేచారు. జనరేటర్ చూసే వీరయ్య కూడా లేచాడు. విరామంలో జనరేటర్ ఆపెయ్యడం వీరయ్యకి అలవాటు. డీజిల్ కమిటీది, పొదుపు వీరయ్యది. ప్రసన్నలక్ష్మికి పై ప్రాణాలు పైనే పోయాయి. లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బిపోతే పోయిన నెలే తీసి పారేసింది. కరెంటు పోయిందా, పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

"వీరయ్య బాబాయ్! ఆపొద్దు!" అని అరిచింది. జనరేటర్ హోరులో ఆయనకేం వినపడుతుంది? వేదిక మీద కామెంటరీ చెప్పే జాన్ మాస్టారి చేతిలో మైకు లాక్కుంది. "వీరయ్య బాబాయ్, నీకు దణ్ణం పెడతా, జనరేటర్ ఆపొద్దు. మా నాన్న ఆస్పత్రిలో ఉండాడు. లాప్‌టాప్ ఎనక్కి పోతా ఉంది. కరెంటు పోతే మా గిత్తల్ని చూడలేడు!"

మైదానమంతా ఆమె వైపు తిరిగింది. వీరయ్య చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

జాన్ మాస్టారు పొద్దుటి నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. విరామమంటే ఆయనకి చేపని ఒడ్డున పడేసినట్టే. ఆయన మైకు అందుకుని లాప్‌టాప్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ప్రేక్షక మహాశయులారా! బ్రహ్మం గారి లాప్‌టాప్ బరిలోకి దిగింది! చుక్కలు తిరుగుతున్నయ్! మొదటి రౌండు! పోతంది, పోతంది, ఎనక్కి పోతంది!"

కుర్రాళ్ళు ఈలలేశారు. సాంబారు ప్లేట్లు చేత పట్టుకుని జనం వేదిక చుట్టూ మూగారు. చుక్కలు ఒక్కసారి ఆగినట్టయితే "అయ్యో" అన్నారు, కదిలితే "హోయ్" అన్నారు. దేవానందం కూడా మెడ సాచి చూశాడు.

"ఏమైతుంది బిడ్డా?"

"పాతదానికి ఎనక్కి పోతంది మావా."

"గట్ల పోవచ్చా?"

"పది రోజుల్లోపయితే పోవచ్చు. దాటితే ఎవురూ ఏం చెయ్యలేరు."

దేవానందం తల పంకించాడు.

తెర ఆరిపోయింది. వెలిగింది. పాత బొమ్మ! ప్రసన్నలక్ష్మి పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి సరిగ్గా కొట్టింది. పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది, తెర నిండా ఎర్రటి మైదానం పరుచుకుంది. జనం అరిచిన అరుపుకి కట్టేసి ఉన్న గిత్తలు బెదిరాయి. ఆమెకైతే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

వీడియో కాల్ కలిసింది. ఆస్పత్రి మంచం మీద బ్రహ్మం, తల పైకెత్తుకుని. "నాయన గొంతు మైకు బాక్సులకి కలపమ్మా, గిత్తలు కూడా ఇంటయ్" అన్నాడు జాన్ మాస్టారు. కలిపింది.

జత దిగింది. బండ కదిలింది. సింగన్న వంగి లాగుతుంటే చిట్టిబాబు తోక విసురుతూ దూకుతున్నాడు. ఆస్పత్రి మంచం మీది నుంచి "హోయ్! హోయ్ నాయనా!" అని బ్రహ్మం కేకలు మైదానం నాలుగు మూలలా మోగాయి. పక్కన ఎవరో నర్సు "తాతా, కదలొద్దు" అనడం కూడా జనమంతా విన్నారు. గంట కొట్టేసరికి, అప్పటిదాకా లాగిన జతల్లో అది రెండో స్థానంలో నిలిచింది. బ్రహ్మం గెలిచినంత సంబరపడ్డాడు.

కాడి విప్పారు. దేవానందం మనుషులు పలుపులతో ముందుకొచ్చారు. కొత్త చెయ్యి తగలగానే చిట్టిబాబు మోర ఎత్తి బుసకొట్టాడు. కొమ్ము విసిరితే మనుషులు చెల్లాచెదురయ్యారు.

ప్రసన్నలక్ష్మి కెమెరాని కర్ర మీది నుంచి పీకి, వైరు ఈడ్చుకుంటూ గిత్త వైపు నడిచింది. వద్దు వద్దు అని జనం అరిచారు. ఆమెకి భయం వెయ్యలేదని కాదు, వేసింది. ఐనా నడిచింది.

"చిట్టీ" అన్నాడు బ్రహ్మం బాక్సుల్లోంచి. గిత్త చెవులు నిక్కించింది. ఆ గొంతు ఎటు నుంచి వస్తోందో తెలీక ఒక్క క్షణం వెతికి, ఎదురుగా నిలబడ్డ మనిషి దగ్గరికే వచ్చి తల వంచింది. ప్రసన్నలక్ష్మి దాని నుదుటి మీద చెయ్యేసింది.

బాక్సుల్లో మాట వినపడింది. "ఆ గాజుల చెయ్యి ఎవురిది?"

"నాదే నాన్నా."

దేవానందం వేదికెక్కి మైకు ముందు నిలబడ్డాడు. "బ్రహ్మమన్నా, నీ బిడ్డ ఇందాక ఒక మాట చెప్పింది. ఆ డబ్బాకు పది రోజుల గడువుంటదంట. లోపలయితే వెనక్కి పోవచ్చంట. నాతోని బేరమూ గట్లనే అనుకో. నీకు నాకు మాటపట్టింపు లేదు. పది రోజులు మంచిగ ఆలోచించి చెప్పు."

చిట్టిబాబు ముక్కు కెమెరా అద్దానికి ఆనింది. అటువైపు తెర తడిగా, మసగ్గా కనపడి ఉంటుంది.

"పది రోజులు ఎందుకయ్యా దేవానందం" అన్నాడు బ్రహ్మం. "ఇప్పుడే ఎనక్కి. అమ్మాయ్, పొద్దుగూకకముందే ఇంటికి తోలుకుపో. చిట్టిబాబుకి ముందు కుడితి పెట్టు, లేకపోతే అలుగుద్ది."