ఉన్న కాగితాన్ని ముట్టుకోదు

కింద వాచ్‌మన్ బాబాయి కేక వినగానే మిషనక్కకు తెలిసిపోయింది, వచ్చింది తన తమ్ముడేనని. బాబాయి అరిచింది ఒక్కసారే. ఆ వెంటనే ఇనుప రాడ్డు ఎముకకు తగిలిన చప్పుడు, కుర్చీ దొర్లిన చప్పుడు, ఆ తర్వాత మెట్ల మీద బూట్లు.

మొగుళ్ల చేతుల్లో చావు తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లకు తలదాచుకునే చోటు చూపించే ఆఫీసు అది. ఎవరిని ఏ ఇంట్లో దాచారో తెలిసింది రెండింటికే: మిషనక్కకు, ఆమె ముందున్న కంప్యూటర్‌కు. ఆ కంప్యూటర్‌తోనే పొద్దస్తమానం కాపురం చేస్తుందని అందరూ ఆమెకు ఆ పేరు తగిలించారు. అందులో ఒక్కొక్కరికి ఒక్కో కాగితం. గళ్లు గీసిన రిజిస్టరు లాంటిది కాదు. ఎవరి కథ ఎంతుంటే వాళ్ల కాగితం అంత. పిల్లలు, దెబ్బలు, మందులు, ఉంటున్న చోటు, అన్నీ ఒక్కదాంట్లోనే మడతపెట్టి ఉంటాయి. తమ్ముడి పెళ్లాం కాగితం మరీ పొడుగు. విరిగిన దవడ, రెండు పక్కటెముకలు, ఐదో నెలలో పోయిన కడుపు. ఆ పిల్లను పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చి దాచింది ఆడపడుచైన మిషనక్కే. ఇప్పుడా చోటు వాడి కంటపడితే ఆ పిల్ల సాయంత్రం చూడదు.

మెట్లు ఇరవై రెండు. బాబాయి కాలు పట్టుకుని వేలాడినట్టున్నాడు, బూట్లు ఆగాయి. మళ్లీ దెబ్బ పడింది. దొరికిన ఆ కాస్త వ్యవధిలో ఆమె నల్ల తెర మీద మరదలి కాగితం తెరిచి, అసలు చోటు తీసేసి, ఊరి చివర కంకర మిషను వెనక రేకుల గది అని రాసింది. మరదలి అన్నలిద్దరూ పోయిన వారమే అక్కడ పనికి కుదిరారు. ఆ సంగతి తమ్ముడికి తెలియదు. తర్వాత తెర మీది రాతలన్నీ తుడిచి, ఎవరికీ పనికిరాని నమూనా కాగితం ఒకటి చెరిపేసింది. ‘ఒకటి చెరిగింది’ అన్న ముక్క మాత్రం తెర మీద మిగిలింది.

తలుపు గొళ్లెం ఊడి వచ్చి గది మధ్యలో పడింది.

“బాగున్నావా అక్కా,” అన్నాడు తమ్ముడు, రాడ్డును ప్యాంటుకు తుడుచుకుంటూ. “ఆ ముసలాయనకు జుట్టు నెరిసింది గానీ మర్యాద తెలియలేదు.”

“చంపేశావట్రా ఆయన్ని?”

“ఊపిరుందిలే. నీ మరదలెక్కడ?”

“దాని కాగితం చెరిపేశాను. ఇదిగో, చూసుకో.”

వాడు వంగి తెర చూశాడు. నిటారుగా లేస్తూనే చెంప మీద కొట్టాడు. ఆమె కుర్చీతో సహా గోడకు తగిలి పడింది. జుట్టు పట్టుకుని లేపి మళ్లీ కుర్చీలో కూలదోశాడు.

“సెల్‌ఫోన్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి, నా దగ్గరా నీ వేషాలు? బ్యాకప్ ఉంటుంది కదా. రోజూ పొద్దున్నే రాగానే తీస్తానని అమ్మ దగ్గర గొప్పలు పోయావుగా. బయటికి తియ్యి.”

“ఇవాళ తియ్యలేదు.”

“నిన్నటిది తియ్యి.”

“తియ్యనురా. ఏం చేసుకుంటావో చేసుకో.”

వాడు బల్ల సొరుగు లాగి, ఆమె కుడి చెయ్యి అందులో పెట్టి, మోకాలితో తోశాడు. చూపుడువేలు ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. ఆమెకు కళ్ల ముందు తెరా గోడా ఒకటైపోయాయి. అయినా తల అడ్డంగానే ఊపింది. మొదటి వేలికే ఒప్పుకుంటే వాడు నమ్మడు. ఊరికే ఇచ్చిన మిఠాయి పారేసి, ఏడిపించి లాక్కున్నది చప్పరించే బుద్ధి వాడికి చిన్నప్పటి నుంచీ ఉంది. ఎత్తుకుని పెంచిన మనిషికి ఆమాత్రం తెలియదా. అందుకని సొరుగు రెండోసారి మూసుకునేదాకా ఓర్చుకుంది. ఈసారి రెండు వేళ్లు పోయాయి. వాంతి వచ్చి ఒళ్లోనే కక్కుకుంది.

“తీసి పెడతాను,” అంది. “పెడతాను, వదులు.”

నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఆమె, తప్పులు పడిన కాగితాల మీద పాత బ్యాకప్ పోసి, ఒక్కటీ బాగుపడలేదని నెత్తీ నోరూ కొట్టుకుంది. నేర్పే మాస్టారు నవ్వి, “అది లేనిదాన్ని తెచ్చి పెడుతుందమ్మా, అంతే. ఉన్న కాగితాన్ని ముట్టుకోదు. ముందున్నది పడగొట్టమని నువ్వు విడిగా చెప్పాలి,” అన్నాడు. ఆ విడిగా చెప్పాల్సిన మాట ఆమె ఇప్పుడు చెప్పదలుచుకోలేదు.

ఎడమచేత్తో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. తిరిగి పొయ్యమనే రిస్టోర్, నిన్నటి బ్యాకప్ పేరు, చివర ఇంకో చిన్న మాట.

“ఆ చివరిదేంటి?” అన్నాడు వాడు, రాడ్డు ఆమె మెడ మీద ఆనించి.

“గోల చెయ్యకుండా పని చెయ్యమని.”

“ఆ బుద్ధి దానికి నేర్పే బదులు నువ్వు నేర్చుకోవాల్సింది.”

ఆ మాట లేకపోతే మిషను ఒక్కో కాగితం దగ్గరా ఆగి, ఇది ముందే ఉంది, ఇది ముందే ఉంది అని వరసగా వాడి ముఖానే చెప్పేసేది. ఇప్పుడు మారు మాట్లాడకుండా పని ముగించింది. ఆమె మరదలి పేరు కొట్టింది. ఇందాక ఆమె మార్చి ఉంచిన కాగితమే తెర నిండా పరుచుకుంది. వాడు వేలు పెట్టి చదివాడు.

“దవడ కూడా రాశావేంటి? అది మెట్ల మీంచి పడింది.”

“మీ ఇంట్లో మెట్లెక్కడున్నాయిరా?”

రాడ్డు భుజం మీద పడింది. ఆమె బల్ల మీదికి ఒరిగిపోయింది. వాడు మిగతాది చదువుకున్నాడు. కంకర మిషను, రేకుల గది. వాడి ముఖం విచ్చుకుంది. బ్యాకప్‌లోంచి, అదీ మూడు వేళ్లు విరగ్గొట్టాక వచ్చిన మాట అబద్ధమవుతుందని వాడికి ఎందుకు తోస్తుంది.

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. “కట్టు కట్టించుకో అక్కా. ఆలస్యం చేస్తే వంకరగా అతుక్కుంటాయి.”

బూట్లు మెట్లు దిగిపోయాయి. ఆమె ఎడమచేత్తో ఫోను తీసుకుని మరదలి పెద్దన్నకు చేసింది. అవతల రాళ్లు నలుగుతున్న మోత.

“చెప్పు వదినా.”

“వాడొస్తున్నాడు. చేతిలో రాడ్డుంది.”

మోత ఆగింది. ఎవరో మిషను ఆపారు.

“తర్వాత నన్నేమీ అనొద్దు వదినా.”

“ప్రాణం తియ్యొద్దయ్యా. నా చేతుల మీద పెరిగాడు.”

“మరేం చెయ్యమంటావు? మందలించి పంపమంటావా?”

ఆమె తెర మీదున్న పొడుగు కాగితం వంక చూసింది. దవడ, పక్కటెముకలు, ఐదో నెల.

“కుడి చెయ్యి,” అంది. “ఇక దేన్నీ ఎత్తకుండా.”

అవతలి మనిషి ఊఁ అని పెట్టేశాడు. ఆమె మరదలి కాగితాన్ని ఈసారి నిజంగానే చెరిపి, నిన్నటి బ్యాకప్ మళ్లీ పోసింది. లేనిది అదొక్కటే గనుక అదొక్కటే వచ్చి కూర్చుంది, అసలు చోటుతో సహా. మిగతా ఆడవాళ్ల కాగితాలు చెక్కుచెదరలేదు. అది చూసుకుని కిందికి దిగింది. వీధిలోవాళ్లు బాబాయి తలకు గుడ్డ చుట్టి అంబులెన్సు ఎక్కిస్తున్నారు. ఆమె కూడా అందులోనే కూర్చుంది.

వేళ్లకు పట్టీ వేస్తుండగానే ట్రాక్టరులో తమ్ముణ్ణి తెచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దించి పోయారు. మోచేతి కింద చెయ్యి అనదగ్గది ఏమీ మిగల్లేదు. ఎముకా కంకరా కలిసిపోయాయి. గుడ్డ కత్తిరించిన నర్సు తల పక్కకు తిప్పుకుంది. వాణ్ణి ఆమె పక్క మంచం మీదే పడుకోబెట్టారు.

“ఎలా అయింది?” అన్నాడు డాక్టరు.

“మిషన్లో పడింది,” అన్నాడు తమ్ముడు, పళ్లు బిగబట్టి.

“మీకమ్మా?”

“సొరుగులో పడ్డాయి.”

“ఇద్దరూ ఒక్కింటివాళ్లేనా? మీ ఇంట్లో సామాన్లు కాస్త జాగ్రత్తగా వాడుకోండి,” అని డాక్టరు చెయ్యి తీసేయడానికి కాగితాలు తెప్పించాడు. దగ్గరి బంధువు సంతకం చెయ్యాలన్నాడు. మిషనక్క ఎడమచేత్తో గీకింది.

మత్తు ఇచ్చేవాళ్లు వచ్చేలోపు తమ్ముడు ఆమె వైపు తల తిప్పాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి.

“అది ఎక్కడుందో చెప్పక్కా.”

“ఇంకో చెయ్యి ఉందిరా నీకు. దాన్నైనా ఉంచుకో.”

వాడు దాహమన్నాడు. ఆమె నర్సునడిగి, పెదవులు తడపడానికి మాత్రమే చెంచాడు నీళ్లు తీసుకుని, ఎడమచేత్తో వాడి నోటి దగ్గర పెట్టింది.