కొండ మీద రాసిన కాగితం

అలిగిందా, లేక ఒంట్లో బాగోలేదా, పొద్దున్నించీ ఈ పొడుగు మనిషి మొహం ముడుచుకునే ఉంది, జీపులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, మలుపు తిరిగినప్పుడల్లా భుజాలు రాసుకుంటున్నాయి, అయినా ఒక్క మాట లేదు, కిటికీలోంచి బయటికే చూపు, బయట చూడ్డానికేముంది గనక, తెల్లటి పొగమంచు తప్ప చెట్టూ లేదు చేమా లేదు, మొన్నటిదాకా బాగానే ఉందే అనుకుంది ఆమె, ఆరేళ్ళుగా ఆసుపత్రి లాండ్రీలో ఒకే దుప్పటికి ఆ కొస పొడుగుది, ఈ కొస ఆమెది, నాలుగు మూలలూ పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి, చేతులు కలిపి, మళ్ళీ వెనక్కి జరిగి, రోజుకి మూడొందల దుప్పట్లు, పొడుగు చేతులెత్తితే ఆమె మునివేళ్ళ మీద లేవాలి, లేకపోతే మడత ఏటవాలుగా వస్తుంది, ఏటవాలు మడతలన్నీ ఈ జోడీవేనని వార్డు ఆయాలు దూరం నుంచే గుర్తుపట్టి నవ్వుతారు, అలాంటి మనిషి ఇవాళ మాట్లాడటం లేదంటే తనేం చేసిందో, ఏమందో, ఎంత తవ్వుకున్నా దొరకడం లేదు, ముందు సీట్లో సైరన్ మాత్రం ఆగకుండా మోగుతోంది, అదే లాండ్రీలో ఉతికే మిషన్ల రొదలో ఇరవయ్యేళ్ళు పనిచేసిన గొంతు, అందుకే ఆ పేరు, మామూలుగా మాట్లాడినా అంబులెన్సు వచ్చిందేమోనని జనం పక్కకి జరుగుతారు, ఇదిగో ఇక్కడ లోయ ఉందట, అదిగో అక్కడ జలపాతం ఉందట, నాకైతే ఏమీ కనబడటం లేదు, మీరైనా చూడండే అంటోంది, డ్రైవరు పకపకా నవ్వుతున్నాడు, అసలు ఈ ప్రయాణం పుట్టించింది కూడా సైరనే, రెండు రోజులు కొండ మీదికి పోదాం, ముగ్గురమే, జీపూ గదీ మేం చూసుకుంటాం, నువ్వు పర్సు తీశావంటే ఊరుకోను అంది, ఎందుకే ఒక్కసారిగా అంత ప్రేమ అంటే ప్రేమకి ఎందుకేమిటి అని కసిరింది, ఆమె నమ్మింది, ఆయన పోయిన ఈ ఎనిమిదేళ్ళలో ఆమెను ఎవరూ ఊరికే ఎక్కడికీ రమ్మనలేదు, పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ తప్ప, అక్కడికీ చాకిరీకే, అందుకే కొడుకుని అడగడానికి రెండు రోజులు తటపటాయించింది, తీరా అడిగితే వాడు వెళ్ళిరామ్మా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు తిరుగుతావు అన్నాడు, అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని అప్పుడే అనుకోవాల్సింది, అనుకోలేదు, కొత్త చెప్పులు కొనుక్కునే హడావుడిలో పడిపోయింది.

జీపు ఆగింది, దిగగానే చలి చీలమండల్ని పట్టుకుంది, లోయ అంచున ఇనప కటకటాలు, పక్కన రంగు వెలిసిన బోర్డు, బోర్డు కనబడితే చదవకుండా కదలదు ఆమె, రెండేళ్ళయింది అక్షరాలొచ్చి, ఆసుపత్రి మందుల గదిలో పనిచేసే అమ్మాయి మధ్యాహ్నం భోజనాల వేళ మందు డబ్బాల మీది పేర్లు చూపించి నేర్పింది, యాభై మూడేళ్ళ వయసులో, అందుకని ఆమెకు వచ్చిన మొదటి మాటలన్నీ జ్వరం బిళ్ళలూ దగ్గు మందులూ, ఇప్పుడు బస్సుల మీదివీ గోడల మీదివీ ఏదీ వదలదు, ఇ-క్క-డి నుం-చి ఏ-డు ఊ-ళ్ళు క-ని-పిం-చు-ను అని పైకే చదివింది, ఏడు ఊళ్ళూ ఇవాళ సెలవు పెట్టినట్టున్నాయే అంది సైరన్, చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, పొడుగు నవ్వలేదు, ఒక కెమెరా మనిషి వచ్చి వెనక ఏమీ లేకపోయినా పర్లేదమ్మా మీరైతే పడతారు, నిలబడండి అన్నాడు, సైరన్ ఇద్దర్నీ చెరో చేత్తో దగ్గరికి లాక్కుని, నవ్వండే, ముగ్గురం కలిసి ఇదే ఆఖరిది అంది, ఆఖరిదేమిటే, నేనేమన్నా చావబోతున్నానా అని ఆమె మోచేత్తో పొడిచింది, అంతే, పొద్దున్నించీ బిగబట్టుకున్న పొడుగు ఒక్కసారి కట్ట తెగినట్టు, చాల్లే వదినా నీ నాటకం, పని మానేస్తున్నావని నాకు సూపర్‌వైజర్ చెప్పాలా, ఆరేళ్ళు నీ ఎదురుగా నిలబడ్డదాన్ని, నాతో ఒక్క ముక్క చెప్పాలనిపించలేదా, సోమవారం నుంచి నీకు కొత్త పిల్లని జోడీగా ఇస్తానని ఆయన చెబుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు అంది, ఆమెకు అర్థం కాలేదు, పని మానేయడమేమిటి, ఎవరు మానేస్తున్నారు, నేనా, నేనెందుకు మానేస్తానే, కెమెరా మనిషి ఫోటో తీసేశాడు కూడా, నువ్వు మీవాడితో కాగితం పంపావటగా, నీ సంతకం ఉంది, నేను కళ్ళారా చూశాను, నువ్వు వెళ్ళిపోతున్నావనే కదా ఈ జీపూ ఈ గదీ అంది సైరన్, ఆ గొంతులోంచి అంత చిన్న మాట రావడం ఆమె ఎప్పుడూ వినలేదు.

సంతకం, అవును, సంతకం తనదే, పోయిన ఆదివారం, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది, కొడుకు కాగితం పట్టుకొచ్చాడు, అమ్మా ఇక్కడొక సంతకం పెట్టు అన్నాడు, వేలిముద్ర వెయ్యి అనలేదు, సంతకం పెట్టు అన్నాడు, ఆ మాటకే ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది, ఏం కాగితంరా అని అడగకపోలేదు, మీ ఆఫీసుదేలేమ్మా, నీ మంచికే అన్నాడు, కాగితం నిండా గబగబా రాసిన అక్షరాలు, కూడబలుక్కుంటూ చదవాలంటే పావుగంట, పక్కన వాడు నిలబడి ఉన్నాడు, వాడికి టైమవుతోంది, పైగా ఆమె కళ్ళు అప్పటికే అడుగున ఉన్న ఖాళీ చోటు మీద వాలిపోయాయి, పేరు రాసింది, ఐదక్షరాలు, వత్తు కింద సరిగ్గా కూర్చుంది, సున్నా గుండ్రంగా వచ్చింది, అబ్బో మా అమ్మ సంతకం ముత్యాల్లా ఉందే అన్నాడు వాడు, ఆమె కోడల్ని పిలిచి చూపించింది, చంకలో ఉన్న చంటిదానికి చూపించింది, తన పేరుని తనే అద్దంలో చూసుకున్నట్టు చూసుకుంది గానీ దాని మీద ఏముందో చూడలేదు, ఆయన పోయిన రోజు ఇదే ఆసుపత్రిలో ఇక్కడ వేలు పెట్టమ్మా, ఇక్కడ కూడా పెట్టమ్మా అని ఎన్ని కాగితాలు జరిపారో, ఏది దేనికో ఇప్పటికీ తెలియదు, ఆ సిరా మూడు రోజులు పోలేదు, ఇంకెప్పుడూ తెలియని కాగితం మీద వేలు పెట్టనని ఒట్టేసుకునే కదా ఆ మందుల గది మెట్ల మీద అంత వయసులో బలపం పట్టింది, ఒట్టు తప్పలేదు మరి, వేలు పెట్టలేదు, పేరు పెట్టింది, ఎంత తెలివి.

ఒళ్ళంతా మండిపోతుంటే చలి ఎటు పోయిందో, శాలువా తీసి కటకటాల మీద పడేసింది, సరిగ్గా అప్పుడే ఫోను, కొడుకు, అమ్మా చేరారా, చలిగా ఉందా, చెవులకి కప్పుకున్నావా అని అదే ముద్దు గొంతు, చిన్నప్పుడు జారుడుబల్ల మీదినుంచి అమ్మా చూడూ అని అరిచిన గొంతు, ఒక్క క్షణం ఆమె మెత్తబడిపోయింది, ఆ కప్పుకున్నానురా అని అబద్ధం కూడా ఆడింది, తర్వాత అడిగింది, ఆదివారం కాగితంలో ఏం రాశావురా, అదా, ఎవరు చెప్పారు, నువ్వొచ్చాక నెమ్మదిగా చెబుదామనుకున్నానమ్మా, ఎంతకాలం చేస్తావు, మోకాళ్ళు నొప్పులని నువ్వే మూలుగుతావు, మీ కోడలు ఒకటో తారీఖు నుంచి మళ్ళీ ఆఫీసుకెళ్ళాలి, చంటిదాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టమంటావా, నువ్వు ఇంట్లో హాయిగా కూర్చుంటావనే కదా, హాయిగా కూర్చోవడమేమిటి, నడక నేర్చే పిల్ల వెనక ఎవరైనా కూర్చుంటారా అనుకుంది, అనలేదు, నన్ను అడగొచ్చుగా అని మాత్రం అంది, అడిగితే ఒప్పుకోవని తెలిసే కదమ్మా అడగలేదు అన్నాడు వాడు, ఎంత తేలిగ్గా అన్నాడు, తెలుసు వాడికి, ఆమె ఒప్పుకోదని తెలుసు, అంటే ఆమె నోరు విప్పకముందే ఆమె వద్దన్న మాట వాడికి వినబడింది, విని కూడా దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పైన ఇంకో మాట రాసుకుని ఆమె చేత పేరు పెట్టించుకున్నాడు, చెడ్డవాడు కాదు, ఆ సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు, రాత్రిళ్ళు ఆమె కాళ్ళు పట్టే కొడుకే, ఆ పట్టిన కాళ్ళు ఎక్కడికి నడవాలో కూడా తనే చెప్పాలనుకున్నాడు, అంతే, చంటిదాన్ని డ్యూటీ నుంచి వచ్చాక నేను చూస్తాను, పగలు సంగతి మీ ఇద్దరూ ఆలోచించుకోండి అంది, అమ్మా మొండికెయ్యకు అన్నాడు, ఆమె ఫోను పెట్టేసింది, పుట్టి బుద్ధెరిగాక వాడి ఫోను తను పెట్టేయడం ఇదే మొదలు.

పొడుగు ఏడుస్తోంది, నాకేం తెలుసు వదినా, నిన్ను ఎన్ని మాటలన్నాను మనసులో అని ముక్కు ఎగబీలుస్తోంది, ఎన్నన్నావేం, తర్వాత చెబుదువుగాని, ముందు ఆ శాలువాతో తుడుచుకో అంది ఆమె, సైరన్‌కి గొంతు తిరిగొచ్చింది, ఇప్పుడే కిందికి పోదాం, కాగితాలు సోమవారం గానీ పెద్దాఫీసుకి వెళ్ళవు, ఈలోపు వెనక్కి తీసుకోవచ్చు, ఇస్త్రీ గదిలో మీసాలాయన పోయినేడు అలాగే తీసుకున్నాడు, డ్రైవర్ని పిలువు, సామాను ఇంకా జీపులోనే ఉంది అని చేతులు ఊపేస్తోంది, ఎందుకు దిగాలి అంది ఆమె, నేను కొండ చూడ్డానికొచ్చాను, ఏడు ఊళ్ళున్నాయని రాసిపెట్టారు, రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, ఒకరు తీసుకున్నది వెనక్కి అడగడానికి నా రెండు రోజులు కూడా వాళ్ళకే ఇచ్చి పోవాలా, నాకొక కాగితం తెచ్చిపెట్టండి చాలు, ఎదురుగా టీ దుకాణం ఉంది, దుకాణమావిడ పాత పుస్తకంలోంచి ఒక పేజీ చింపిచ్చింది, పెన్ను కెమెరా మనిషిది, బల్ల మీద టీ గ్లాసుల తడి పైటతో తుడిచి కూర్చుంది, ఇవతల పొడుగు, అవతల సైరన్, పరీక్ష రాసే పిల్ల పక్కన తల్లిదండ్రుల్లా, మందుల గది అమ్మాయి నేర్పినప్పటి నుంచీ చూసి రాయడమే గానీ తనంతట తను ఒక వాక్యం కూర్చింది లేదు, మొదటి మాటకే పెన్ను ఆగిపోయింది, తర్వాత కదిలింది, పని మానేస్తానని ఇచ్చిన కాగితం నేను చదవకుండా సంతకం పెట్టాను, ఊపిరి పీల్చుకుంది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, టీ చల్లారిపోయింది, సోమవారం పొద్దున డ్యూటీకి వస్తాను, మూడే, ఇంకేం రాయను అంది, దయచేసి అని పెట్టవే, సూపర్‌వైజర్ మనసు కరుగుతుంది అంది సైరన్, కరగక్కర్లేదు, చదివితే చాలు అంది ఆమె, పోనీ ఒంట్లో బాగోలేనప్పుడు పెట్టానని రాయి, ఎందుకు రాస్తాను, ఉల్లిపాయలు తరుగుతున్నాను, గుండ్రాయిలా ఉన్నాను, ఇంతకీ మీవాడి పేరు ఎక్కడా లేదు కదా వదినా, పరువు పోతుంది అని పొడుగు భయంగా కాగితం వైపు చూసింది, దానికి చదవడం రాదు, లేదులే, పెట్టింది నేను, తీసుకునేదీ నేనే, మధ్యలో వాడెందుకు అంది ఆమె, ఆ మాట అన్నాక వీపు మీదినుంచి తడి మూటేదో దించినట్టయింది.

ఇక సంతకం పెట్టెయ్, ఫోటో తీసి సూపర్‌వైజర్‌కి పంపేస్తాను, ఇక్కడ సిగ్నలు వస్తూ పోతూ ఉంది, త్వరగా కానీ అని సైరన్ ఫోను పట్టుకుని నిలబడింది, బయట డ్రైవరు హారన్ కొట్టాడు, జలపాతం దగ్గర గేటు మూసేస్తారట, మళ్ళీ కొట్టాడు, బల్ల మీద ఆమె ఫోను మోగుతోంది, కొడుకే, మోగనీ, పెన్ను అడుగున ఖాళీ దగ్గరికి వెళ్ళింది, చెయ్యి తహతహలాడుతోంది, ఆ ఐదక్షరాలు రాయడమంటే ఇప్పటికీ ఎంత ఇష్టమో ఆ చేతికి, పెన్ను పక్కన పెట్టింది, చదవాలి అంది, నువ్వే రాశావుగా, మళ్ళీ చదవడమేమిటే అని సైరన్ తల పట్టుకుంది, నేనే రాశాను, అయినా చదవాలి, ఆగండి అంది, వేలు మొదటి అక్షరం కింద పెట్టి, పని మా-నే-స్తా-న-ని, హారన్, ఇ-చ్చి-న కా-గి-తం, ఫోను ఆగి మళ్ళీ మొదలైంది, నే-ను చ-ద-వ-కుం-డా, అక్కడ ఒక దీర్ఘం మరిచిపోయింది, దిద్దింది, ఒక్కో మాటా దాటుకుంటూ, ఒక్కో వరసా దిగుతూ వేలు నెమ్మదిగా కిందికొస్తుంటే ఆమెకు అర్థమైంది, సంతకానికి చోటు కాగితం నెత్తిన పెట్టకుండా అడుగున ఎందుకు పెడతారో, పైనున్న ప్రతి మాటా కాలితో తొక్కి చూసుకుంటూ దిగొస్తే గానీ ఆ చోటికి చేరకూడదని, ఆదివారం తను పేరు మీద మోజుతో ఒక్క దూకు దూకింది, వాడు దూకించాడు నిజమే, కాళ్ళు మాత్రం తనవే, ఇక మీదట కాగితం ఎవరు తెచ్చినా, కొడుకు తెచ్చినా, కొడుకంత ప్రేమగా ఇంకెవరు తెచ్చినా, ఎంత తొందరైనా, మొదటి అక్షరం దగ్గర్నుంచి నడిచే వస్తుంది, పావుగంట పడితే పావుగంట, పూట పడితే పూట, నచ్చకపోతే సగంలోనే వెనక్కి తిరుగుతుంది, అప్పటిదాకా ఎవరైనా సరే నిలబడే ఉండాలి.