విమానానికి అడ్డుపడ్డ తుమ్మదిమ్మ

నేను ఒక తుమ్మచెక్క దిమ్మను. మూరెడు పొడవు, జానెడు ఎత్తు, ఒంటినిండా పసుపు రంగు. ఇరవై రెండు టన్నుల విమానాన్ని ఈదురుగాలిలో ఒంటరిగా నిలబెట్టిన మొనగాణ్ణి. హనుమంతుడు కొండను మోశాడంటారు. మొయ్యడానికేముంది, బలం ఉంటే ఎవరైనా మోస్తారు. పోతానని గింజుకునేదాన్ని పోకుండా కూర్చోబెట్టడం, అదీ పనితనం.

రాజమండ్రి విమానాశ్రయానికి చక్రాలకు అడ్డం పెట్టే రబ్బరు దిమ్మలు ఏదో దేశం నుంచి రావలసి ఉండగా, అవి దారిలో ఉండగానే విమానాలు వచ్చేశాయి. దాంతో కోరుకొండ వడ్రంగి సింహాచలానికి కబురు వెళ్ళింది. అప్పటికి నేను ఒక ఎడ్లబండి కింద ముప్పై ఏళ్ళు చాకిరీ చేసి, అతని పెరట్లో దుంగనై పడి ఉన్నాను. పని ఏమిటో విని సింహాచలం, "విమానానికి బ్రేకులుండవేంటండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్నను మీరు పట్టించుకోకండి. వచ్చినాయన కూడా పట్టించుకోలేదు.

ఒకే దుంగలోంచి నన్నూ నా తమ్ముణ్ణీ కోసి, మధ్యలో తాడు వేసి కట్టారు. విమానం ఆగగానే చక్రానికి ముందు నన్ను, వెనక వాణ్ణి పెట్టేవాడు లోడరు ఏసోబు. తాళ్ళపూడి మనిషి. మమ్మల్ని పెట్టి, బొటనవేలు పైకెత్తి చూపిస్తే గానీ పైన కెప్టెన్ ఇంజను ఆపేవాడు కాదు. అంత మర్యాద నాకు బండి కింద ఎన్నడూ జరగలేదు.

మా కంపెనీ పేరు సరంగు ఎయిర్. ఆ పేరు మీరు ఎక్కడా చూసి ఉండరు, ఎందుకంటే విమానం మీద అది లేదు. తోక మీద బొమ్మ పెద్ద కంపెనీది, టికెట్టు పెద్ద కంపెనీది, ఎయిర్‌హోస్టెస్ చీర అంచు కూడా వాళ్ళదే. పెద్ద విమానాలు దిగలేని ఊళ్ళకు మా చిన్న విమానాలు వాళ్ళ పేరుతో తిరగాలని ఒప్పందం. నడిపేది మావాళ్ళు, మీసం మెలేసేది వాళ్ళు. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ముందే అన్నారు గానీ, దాన్ని ముప్పై పేజీల కాగితం మీద రాసి మూడేళ్ళకోసారి సంతకాలు పెట్టించుకోవచ్చని పాపం వాళ్ళకు తట్టలేదు.

మా పైలట్ల సంఘానికి అధ్యక్షుడు కెప్టెన్ మేడిశెట్టి వీరభద్రం. ఇరవై రెండేళ్ళ సర్వీసు, సీనియారిటీ లిస్టులో రెండో పేరు. ఈ లిస్టు సంగతి మీకు చెప్పాలి. పైలట్లకు కులగోత్రాల కన్నా అది ముఖ్యం. ఎవరు ఎడమ సీట్లో కెప్టెన్‌గా కూర్చోవాలో, ఎవరు కుడి సీట్లో కో పైలట్‌గా కూర్చోవాలో, ఎవరికి పండగకి సెలవో, అంతా అదే చెబుతుంది. ఒక కంపెనీ వదిలి ఇంకో కంపెనీకి వెళ్తే మాత్రం, ఎంతటి మొనగాడైనా లిస్టులో చిట్టచివర చేరి మళ్ళీ కుడి సీట్లో మొదలుపెట్టాల్సిందే. గడప దాటగానే పెద్దరికం పోయే వృత్తి ఇదొక్కటే కాబోలు.

ఒప్పందం గడువు దగ్గర పడినప్పుడల్లా మా మేనేజరు దంటు శ్రీహరిరావు ఆత్రేయపురం పూతరేకుల పెట్టెతో వచ్చేవాడు. అందరికీ తలో పూతరేకు ఇచ్చి, అది నోట్లో కరిగేలోపు, "మంజీర ఎయిర్ పైలట్లు మనకన్నా తక్కువకి ఒప్పేసుకున్నారండి, మనం తగ్గకపోతే పెద్ద కంపెనీ వాళ్ళు పనంతా అటే ఇచ్చేస్తారండి" అని విచారంగా చెప్పేవాడు. మొదటిసారి మావాళ్ళు భత్యాలు వదులుకున్నారు. రెండోసారి సెలవులు వదులుకున్నారు. ఆ రెండోసారే నాకూ దెబ్బ తగిలింది. చక్రానికి రెండు దిమ్మలు దండగని తాడు కోసి, నా తమ్ముణ్ణి మంజీర వాళ్ళకు అద్దెకిచ్చారు. లోడర్లనైతే మొదటిసారే తగ్గించి, రెండు కంపెనీల బరువూ ఏసోబు వీపు మీదే పెట్టారు. పొద్దున మా ఆకుపచ్చ జాకెట్టు, మధ్యాహ్నం వాళ్ళ నీలం జాకెట్టు. జీతం మాత్రం ఒకే రంగు.

మంజీర కూడా మాలాంటి అద్దె కంపెనీయే. వాళ్ళ విమానం మా పక్కనే ఆగేది, దాని తోక మీదా అదే బొమ్మ. అయినా రెండు కంపెనీల పైలట్లూ ఆరేళ్ళుగా ఒకే క్యాంటీన్లో వీపులు తిప్పుకొని కూర్చుని టీ తాగేవారు. మనల్ని ముంచింది వాళ్ళేనని వీళ్ళు, వీళ్ళేనని వాళ్ళు. అలా మాట్లాడుకోకుండా ఉండటానికి ఏ కంపెనీ వాళ్ళకు ఒక్క పైసా ఇవ్వలేదు. ఉచితంగానే చేసిపెట్టారు.

మూడోసారి పూతరేకులు వచ్చాయి. ఈసారి అడిగింది సీట్లు. పై పన్నెండు మంది కెప్టెన్లు కుడి సీటుకి మారి కో పైలట్ల జీతం తీసుకోవాలట. పెద్దవాళ్ళంటే గౌరవం కాబట్టి పైనుంచి మొదలుపెడుతున్నామన్నాడు శ్రీహరిరావు. వీరభద్రానికి రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్ళుంది. సంతకం పెడితే కుడి సీటు, తను నేర్పిన పిల్లల పక్కన. పెట్టకపోతే కంపెనీ మూత, వేరే చోట చేరితే అక్కడా కుడి సీటే. సోమవారం లోగా సంఘం తరఫున సంతకం కావాలన్నారు.

శనివారం మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. విమానాలు రెండూ ఆగిపోయాయి. గాలిలో చక్రానికి రెండు వైపులా దిమ్మ ఉండాలని రూలు. ఉన్నవి రెండే దిమ్మలు, విమానాలూ రెండు. ఏసోబు నన్ను ఒక చంకలో, తమ్ముణ్ణి ఇంకో చంకలో పెట్టుకొని, "సార్లూ, ఏ ఇమానానికి పెట్టమంటారో మీరే తేల్చండి. నాకు ఇద్దరూ దొరలే" అన్నాడు. తేల్చడానికి మా వీరభద్రమూ, మంజీర సంఘం పెద్ద, బోధన్ నుంచి వచ్చిన కెప్టెన్ ఖాజా మొయినుద్దీనూ రెక్క కింద నిలబడ్డారు. ఆరేళ్ళలో మొదటిసారి ఎదురెదురుగా.

ఖాజా చేతిలో పూతరేకుల పెట్టె ఉంది. అదే కొట్టుది, అదే ఎర్ర దారం. వీరభద్రం దాన్ని చూశాడు, చూస్తూనే ఉన్నాడు. చివరికి, "మీకూ పెట్టారాండీ పూతరేకులు?" అని అడిగాడు.

"పెట్టిన్రు సార్. మీరు సీట్లు ఇడిసిపెట్టిన్రట, ఇగ మేం గూడ ఇడవాలె అని చెప్పిన్రు."

"మేమింకా పెట్టలేదండీ సంతకం. మీరు పెట్టేశారన్నారు."

"మేమెక్కడ పెట్టినం? సోమారం దాకా టైమిచ్చిన్రు."

తర్వాత వాళ్ళిద్దరూ నా మీదా తమ్ముడి మీదా కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. సోమవారం రెండు సంఘాల నుంచీ ఒకే మాటలతో రెండు ఉత్తరాలు వెళ్ళాయి. సీట్లు ఇవ్వం, వాళ్ళ పని మేం చెయ్యం, మా పని వాళ్ళు చెయ్యరు. పెద్ద కంపెనీ తొమ్మిది రోజులు మూతి ముడుచుకుంది. పదో రోజున, బెదిరించడానికి మూడో కంపెనీ లేదని గుర్తొచ్చి సీట్ల మాట కొట్టేసింది. పోయిన సెలవులు మాత్రం రాలేదు. వీరభద్రం నాలుగేళ్ళూ ఎడమ సీట్లోనే కూర్చుని రిటైరయ్యాడు. రబ్బరు దిమ్మలు కూడా ఎట్టకేలకు వచ్చాయి కాబట్టి నన్ను జ్ఞాపకంగా ఇంటికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు దానవాయిపేటలో ఆయన గది తలుపు కొట్టుకోకుండా అడ్డు ఉంటున్నాను. ఆ తలుపు ఒక్కోసారి నన్ను తోసుకొనే పోతుంది.

అవునండీ, తలుపే నన్ను తోసేస్తుంది. సింహాచలం అడిగింది సరైన ప్రశ్నే. విమానానికి బ్రేకు వేసే ఉంటుంది. ఆ గాలిరోజున రెండు విమానాలూ బ్రేకు మీదే నిలిచాయి. మేమిద్దరం కెప్టెన్ల కింద పీటలుగా ఉన్నాం కదా, మీరు అప్పుడే పట్టుకుంటారనుకున్నాను.

పట్టుకోనిది ఇంకోటి ఉంది. ఖాజాకి షుగరు. ఆయన చేతిలో పూతరేకుల పెట్టె లేదు, అదీ, దాని మీద మాటలూ నేను కల్పించినవే. ఇద్దరు కెప్టెన్లూ ఎదురెదురుగా నిలబడ్డారంతే. మాట్లాడింది ఏసోబు. పొద్దున ఆకుపచ్చ జాకెట్టుతో మా మీటింగు గదిలో కుర్చీలు వేసినవాడూ, మధ్యాహ్నం నీలం జాకెట్టుతో వాళ్ళ గదిలో కుర్చీలు వేసినవాడూ అతనే. "పొద్దున మీకు చెప్పిన కబురే మజ్జేనం ఆళ్ళకీ చెప్పారండి. పేర్లు మార్చారంతే" అన్నాడు. ఆరేళ్ళుగా తెలుసట. మరి ఎందుకు చెప్పలేదని అడిగితే, ఎవరూ అడగలేదన్నాడు.

లోడరు చెబితే ఇద్దరు కెప్టెన్లు విన్నారంటే మీరు నమ్మరని పెట్టె పెట్టాను. కొత్త ఒప్పందంలో కూడా ఏసోబు పేరు లేదు లెండి. ఇప్పటికీ రెండు జాకెట్లే.