ఒకే రేకు మీద రెండు అక్షరాలు

ఒక ఊరి పేరు ఆ ఊరిదా — దాన్ని మొదట తప్పుగా రాసినవాళ్ళదా?

ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

గుల్లపాలెంలో నడిస్తే అడుగు కింద గుల్లలు నలుగుతాయి. కరకర... కరకర... సముద్రం ఒడ్డుకు తోసిన గుల్లలు. తాతల కాలంలో వాటిని బట్టీల్లో కాల్చి సున్నం చేసేవారు. బట్టీలు ఆరిపోయాయి. గుల్లలు మిగిలాయి. పేరు మిగిలింది.

షీబాది ఆ ఊరు.

రెండు వేల పద్నాలుగు. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీ. తెలుగు మేడమ్ లక్ష్మీనరసమ్మ పరీక్షకు బదులు ఒక పని అప్పగించారు — అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో ఎవరి ఊరి పేజీని వాళ్ళు రాయాలి. ఎవరైనా చదవగలిగేది. ఎవరైనా దిద్దగలిగేది.

ఎవరైనా!

ఆ ఒక్క మాటకు కంప్యూటర్ గది పోటెత్తింది.

"మేం రాసింది లోకమంతా సూస్తాదా మేడమ్?"

"చూస్తుంది. తప్పు రాస్తే అదీ చూస్తుంది."

షీబా తన ఊరి పేజీ తెరిచింది. రెండే వాక్యాలు. పైన పేరు — గుళ్ళపాలెం.

పక్క కుర్చీలోంచి వినోద్ తొంగిచూశాడు. "ఒసే, మీ ఊరినిండా గుడులేనా? ఎప్పుడూ సెప్పనేదేటే?"

"ఉన్నది ఒక్క రామకోవెల, ఒక్క సర్చి. గుడీ కాదు, గోపురమూ కాదు. గుల్లరా — నీ బుర్రలాగ!"

గదంతా నవ్వింది.

జరిగింది ఇది. ఊళ్ళ జాబితా ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషు లిపికి ల వేరు, ళ వేరు అని తెలియదు. ఆ జాబితాను ఒక యంత్రం తెలుగులోకి దించింది. సముద్రపు గుల్ల దేవుడి గుడి అయి కూర్చుంది.

షీబా దిద్దింది. 'భద్రపరచు' నొక్కింది. గుల్లపాలెం! లోకమంతటికీ గుల్లపాలెం!

మర్నాడు చూస్తే మళ్ళీ గుళ్ళపాలెం.

కింద చర్చ పేజీలో, పేరు చెప్పని పెద్దమనిషి ఒకరు రాశారు — "ఉత్తరాంధ్రవారు ళ-కారాన్ని ల-కారంగా పలుకుతారు. కనుక స్థానికుల ఉచ్చారణ ఆధారం కాదు. వారంలోగా లిఖిత మూలం చూపండి. లేకుంటే చర్చ ముగిసినట్టే."

గమనించండి. యంత్రాన్ని మూలం అడగలేదు. మనుషులను అడిగారు.

అందులో కొంత నిజం ఉంది. షీబాను కాల్చింది ఆ కొంత నిజమే. ఇంట్లో పెళ్ళి అనరు, పెల్లి అంటారు. నీళ్ళు అనరు, నీల్లు అంటారు. అయితే? కాలి కింద నలిగేదేమిటో కాలికి తెలియదా?

లిఖిత మూలం... లిఖిత మూలం...

బస్సు!

రోజూ తను ఎక్కే ప్రైవేటు బస్సు. ముందు అద్దం కింద ఎర్ర రేకు. రేకు మీద తెల్ల అక్షరాల్లో ఊళ్ళ పేర్లు — తను పుట్టకముందు ఎవరో కుంచెతో రాసినవి.

సాయంత్రం కాలేజీ వదలగానే పరుగు. ముందు షీబా, పక్కన వినోద్, వెనక సగం క్లాసు. ఏడు రోడ్ల జంక్షన్‌లో బస్సు ఉంది. రేకు లేదు. అద్దానికి కొత్త స్టిక్కరు తళతళలాడుతోంది — గుళ్ళపాలెం.

"ఓనరు నెట్లో సూసి కొట్టించినాడమ్మా," అన్నాడు డ్రైవర్ గంగులు. "బాగున్నాది కదా?"

"పాత రేకేదీ మావా?"

"ఇందాకే తుక్కు రిక్షావోడికి ఇచ్చీసినాను. నాగావళి వంతెనకాసి ఎల్లినాడు."

మళ్ళీ పరుగు.

చెప్పులు తెగాయి. తెగితే తెగాయి! వంతెన మీద గాలి ఎదురొచ్చింది. కింద నది, పైన మేఘం, మధ్యలో కేకలు — "ఓ రిక్షా! ఆగు, ఆగు!"

రిక్షా ఆగింది. తుప్పుపట్టిన చువ్వల కింద, విరిగిన కుర్చీ కింద — ఎర్ర రేకు. వినోద్ జేబులోంచి ఫోన్ తీశాడు.

"రేకుముక్కకి ఫోటోలేటమ్మా? సినిమా యాక్టరేటి ఇది?" అన్నాడు రిక్షా అతను.

వినోద్ ఫోన్ ఎత్తాడు. షీబా చున్నీతో మసి తుడిచింది. అక్షరాలు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి.

శ్రీకాకుళం — గుల్లపాలెం.

షీబా చెయ్యి ఆగిపోయింది.

శ్రీకాకుళంలో ళ. గుల్లపాలెంలో ల. ఒకే రేకు. ఒకే కుంచె. ళ రాయడం వచ్చిన చెయ్యి, ఇక్కడ ల రాసింది. పొరపాటున కాదు — తెలిసి.

"ఒరే, సూడరా! ఈ రాసినాయనకి ళ వచ్చురా! వచ్చుండి కూడా ల రాసినాడు!"

వంతెన దద్దరిల్లేలా అరిచారు. ఎందుకో తెలియకపోయినా రిక్షా అతనూ అరిచాడు.

మర్నాడు ఫోటో చర్చ పేజీకి ఎక్కింది. కింద షీబా రాసింది — "మా నాలుకకు ళ తిరగకపోవచ్చు. మా చేతికి తిరుగుతుంది. రేకు మీద రెండు అక్షరాలూ చూడండి. ఇక మీరు చెప్పే గుళ్ళకు లిఖిత మూలం చూపండి."

లక్ష్మీనరసమ్మ చదివారు. ఒక్క కామా కూడా మార్చలేదు.

పెద్దమనిషి ఆ రోజు పలకలేదు. ఆ మర్నాడూ పలకలేదు. గడువు దగ్గరపడుతోంది. పేజీ మీద ఇంకా గుళ్ళపాలెమే. క్లాసంతా ఆ పేజీని తెరుస్తోంది, మూస్తోంది, మళ్ళీ తెరుస్తోంది — వల లాగేవాళ్ళలా, ఒకే ఊపిరితో...

మీరు ఊరికే చదివి వెళ్ళకండి.

మీ ఊరి పేజీ తెరవండి. అక్కడున్న పేరును మీ అమ్మకు పైకి చదివి వినిపించండి. ఆమె నవ్విందా?

దిద్దండి.